తొలి ఆటలో ఓడిన మహానుభావులు

జనవరి 10, శుక్రవారం

ఈ రోజు నన్ను బేస్‌బాల్ జట్టులో పిచ్చర్‌ని చేశారు. ఎన్నిక జరగలేదు. జట్టులోని కొమురక్క గ్రౌండ్ మధ్యలో ఉన్న మట్టిదిబ్బని చూపించి, "నడుమ నిలవడేది మీరే మేడమ్. సదువుకున్నోళ్లు ఉండంగ మేమెట్ల నిలవడ్తం?" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. సభలో జ్యోతి వెలిగించడానికి పెద్దవాళ్లని పిలుస్తారే, అలా పిలిచారు. నేనూ అలాగే వెళ్లాను, కాస్త వద్దు వద్దంటూ.

రాత్రి అన్నం దగ్గర ఈశ్వరయ్యకి చెప్పాను. ఈ మనిషికి పెళ్లయిన కొత్తలో నేను చెప్పే ప్రతిదీ ఆశ్చర్యంగా ఉండేది. ఇప్పుడు కూర వడ్డించుకుంటూ వింటాడు.

"పిచ్చర్ అంటే బౌలరే గదా?"

"బౌలరే. కాకపోతే బంతి నేలకి తగలకుండా వేయాలి. నాలుగు బేస్‌లు చుట్టొస్తే ఒక పరుగు. నాలుగు బంతులు పక్కకి పోతే బ్యాటు పట్టుకున్నామె ఊరికే మొదటి బేస్‌కి నడిచిపోతుంది."

"ఊరికేనా? కొట్టకుండా, పరిగెత్తకుండా?"

"ఊరికే."

"మా షువైఖ్ గోడౌన్‌లో ప్రమోషన్లు అట్లే ఇస్తారు," అన్నాడు.


జనవరి 11

జట్టు పేరు 'తెలుగు సిస్టర్స్'. అందరూ ఇక్కడ గల్ఫ్‌లో ఇళ్లల్లోనో ఆస్పత్రుల్లోనో పనిచేసేవాళ్లు, శుక్రవారం మాత్రమే బయటికొచ్చేవాళ్లు. జట్టు పెట్టింది గంగాధర, కడప నుంచి వచ్చిన డ్రైవరు. మేనేజర్ కూడా అతనే. నన్ను ముందు గౌరవాధ్యక్షురాలిగా ఉండమన్నాడు. శాలువా కప్పి ఫొటో కూడా తీశారు. అక్కడితో ఆగి ఉండాల్సింది.

నాకు ఈ మధ్య తీరిక ఉంది. స్కూల్లో సెక్షన్లు తగ్గాయి, సోషల్ చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు, డిసెంబర్‌తో నా కాంట్రాక్టు అయిపోయింది. నాకు బాధ లేదు. ఎమ్మే చదివి ఇన్నేళ్లు పాఠం చెప్పిన మనిషికి విశ్రాంతి కావాలి కదా. బేస్‌బాల్‌కీ దానికీ సంబంధం లేదు.


జనవరి 14

రెడ్డెమ్మ ఫోన్ చేసింది. రాయచోటి దగ్గరి మనిషి, రుమైథియాలో ఒక ఇంట్లో పని, ఆ ఇంటి యజమానురాలిని 'మామా' అంటుంది. మా క్యాచర్ ఆమే, అంటే నేను వేసిన బంతిని అటువైపు కూర్చుని పట్టుకోవాల్సిన మనిషి.

"మేడం, మన జట్టు ఉంటాదా పోతాదా?"

"ఎందుకు పోతుంది?"

"గ్రౌండు తౌఫిక్ సారు చెప్పినాడంట. నాలుగు జట్లల్లో ఆఖర్న నిలిచినోళ్లు గ్రౌండు వదిలిపెట్టాలంట. ఇంగా శానా జట్లు కాసుకోని ఉండాయంట."

"అయితే?"

"అయితే ఏంది మేడం! మా మామా పార్కులో కూర్చునేదానికి తోలదు. తౌఫిక్ సారు మామాతో మాట్లాడి ఆట అని చెప్పినంక తోలతాండాది, నాలుగు నుంచి ఆరు దాకా. ఆట లేకుంటే ఆ రెండు గంటలూ లేవు. ఏడు దినాలూ ఆ నాలుగు గోడలే."

నేనున్నాను కదా అన్నాను. అన్న తర్వాత ఆ మాట ఎందుకన్నానా అని చాలాసేపు ఆలోచించాను.


జనవరి 17, శుక్రవారం

మొదటి మ్యాచ్. ఫిలిప్పీన్స్ అమ్మాయిలతో.

ఎక్కడ మొదలుపెట్టాలి? బంతి దగ్గర మొదలుపెడతాను.

గంగాధర కొత్త బండి కొన్నప్పుడు చేసినట్టే అన్నీ చేశాడు. బ్యాట్లకి పసుపు, కుంకుమ. హెల్మెట్ కింద నిమ్మకాయ. బేస్ మీద కొబ్బరికాయ కొట్టాడు. ఆ నీళ్లకి మట్టి జిగటైంది. ఆఖరున బంతికి నూనె రాసి, పసుపు పూసి, మూడు కుంకుమ బొట్లు పెట్టి రెండు చేతులతో నాకందించాడు. నేనూ కళ్లకద్దుకున్నాను. అప్పుడు చాలా బాగా అనిపించింది.

మొదటి బంతి నా చేతిలోంచి జారి వెనక్కి పోయింది. రెండోది గంగాధర వైపు పోయింది. మూడోది ఎవరికీ కనబడలేదు. నాలుగోది రెడ్డెమ్మ పట్టుకుంది గానీ, అది మళ్లీ ఆమె చేతిలోంచి జారింది.

గ్రౌండ్ చూసుకునేవాడూ, ఆటలకి అంపైరూ అయిన తౌఫిక్ వచ్చి బంతి అడిగాడు. అలెగ్జాండ్రియా మనిషి, ఒహాయోలో చదువుకున్నాడు. బేస్‌బాల్ అంటే ప్రాణం పెడతాడు. బంతిని వాసన చూశాడు.

"మేడమ్, ఏమిటిది?"

"ప్రార్థన," అన్నాను ఇంగ్లీషులో.

"బంతికి ఏది పూసినా నేరం. అమెరికాలో అయితే పిచ్చర్‌ని బయటికి పంపేస్తారు."

"ఇది దేవుడి కోసం."

"రూల్‌బుక్‌లో ఆయనకి వేరే సెక్షన్ లేదు మేడమ్."

కొత్త బంతి ఇచ్చాడు. నూనె నా వేళ్లకి ఉంది, ప్యాంటుకి ఉంది, నుదుటికి కూడా ఉంది. ఫిలిప్పీన్స్ అమ్మాయిలు వరసగా నడిచారు. ఒకామె మొదటి బేస్‌కి నడుస్తూనే ఫోన్ మాట్లాడుకుంది. అక్కడక్కడ మంచి బంతి పడితే దాన్ని కొట్టారు. పంతొమ్మిది, రెండు. రెండు మావి.

అయిపోయాక అందరూ నా చుట్టూ చేరారు.

"మంచిగనే ఏసిండ్రు మేడమ్," అంది కొమురక్క.

"గాలి జాస్తిగా ఉన్యాది," అన్నాడు గంగాధర.

"మీరు ఏసేది ఎవరికీ అర్థం కాలేదు మేడం, అంత పైనుంచి ఏసినారు," అంది రెడ్డెమ్మ. అది పొగడ్తో కాదో ఇంకా తేల్చుకోలేదు.


జనవరి 18

భుజం నొప్పి. గాలి నిజంగానే ఎక్కువ ఉంది.


జనవరి 19

తౌఫిక్ వాట్సాప్‌లో ఒక వ్యాసం పంపాడు. పెద్ద లీగ్‌లో తొలి ఆటలోనే చావుదెబ్బ తిని, తర్వాత గొప్పవాళ్లైన పిచ్చర్ల గురించి. రెండుసార్లు చదివాను. తర్వాత వెతికి ఇంకా చదివాను. ఒక ఎడమచేతివాటం ఆయన తొలి ఆటలో నాలుగో ఇన్నింగ్స్ కూడా దాటకుండా ఆరు పరుగులిచ్చి వెళ్లిపోయాడట. తర్వాత మూడు వందల పైచిలుకు ఆటలు గెలిచాడు.

ఆరు పరుగులకే ఆయన అంత గొప్పవాడైతే, నేను పంతొమ్మిది ఇచ్చాను.

ఇలా లెక్క వేయకూడదని తెలుసు. వేశాను.


జనవరి 24, శుక్రవారం

ప్రాక్టీసుకి వెళ్లాం. ప్రాక్టీసు జరగలేదు. నేను అందరినీ కూర్చోబెట్టి ఆ మహానుభావుల సంగతి చెప్పాను. మంచి పాయింట్లు రాసుకుని వెళ్లాను. మొదట పతనం, తర్వాత పట్టుదల, తర్వాత పైకి. గంగాధర కళ్లు తుడుచుకున్నాడు, దుమ్ము అనుకుంటాను. రెడ్డెమ్మ టైమ్ చూసుకుంటూ విన్నది. ఆరయింది. ఎవరూ బంతి ముట్టుకోలేదు.

ఇంటికొచ్చి ఈశ్వరయ్యకి కూడా చెప్పాను.

"అయితే మొదట ఓడితే తర్వాత గెలుస్తారంటావు."

"గెలిచినవాళ్లున్నారు అంటున్నాను."

"మా గోడౌన్‌లో మొదటి రోజే ఫోర్క్‌లిఫ్ట్ గోడకి గుద్దినోడు ఒకడున్యాడు దుర్గా. రెండో రోజు ఇంగో గోడకి గుద్దినాడు. వాని మీద ఎవరూ వ్యాసం రాయలేదు."

గెలిచినవాళ్ల చరిత్రే మిగులుతుందని ఇన్నేళ్లు పిల్లలకి చెప్పింది నేనే. అది రాజుల గురించి. నా గురించి కాదు.


జనవరి 28

ట్యూషన్ సెంటర్ వాళ్లు ఫోన్ చేస్తామన్నారు. చేయలేదు. నాకు బాధ లేదు. బాల్కనీలో గోడ మీద సున్నపు గీత గీసి బంతి వేశాను. కింది ఫ్లాటు కరీముల్లా గారు పైకి వచ్చి, ఇంట్లో రిపేరు ఏమైనా నడుస్తోందా అని చాలా మర్యాదగా అడిగారు.


జనవరి 31, శుక్రవారం

రెండో మ్యాచ్. శ్రీలంక అమ్మాయిలతో. ఉన్నదున్నట్టు రాస్తాను.

బంతికి ఏమీ పూయలేదు. గంగాధర నిమ్మకాయ జేబులోనే దాచుకున్నాడు. మొదటి ఇన్నింగ్స్‌లో నేను ఒకామెని అవుట్ చేశాను. అది నిజం. ఆమె నవ్వు ఆపుకోలేక బ్యాటు ఊపింది. అదీ నిజమే.

రెండో ఇన్నింగ్స్‌లో నడక మొదలైంది. ఒకరి వెనక ఒకరు. బేస్‌లన్నీ నిండిపోయి, ఒకరు నడిస్తే ముందున్నవాళ్లు కదిలి ఇల్లు, అంటే ఆఖరి బేస్, చేరి పరుగు తెచ్చుకుంటున్నారు. శ్రీలంక వాళ్లు ప్రదక్షిణ చేస్తున్నట్టుంది. మా వాళ్లెవరూ ఒక్కమాట అనలేదు. బేస్‌బాల్‌లో ఇలాంటప్పుడు మేనేజర్ నడిచి వచ్చి పిచ్చర్ చేతిలోంచి బంతి తీసుకుంటాడు. ఆ వ్యాసాల్లో ప్రతి ఒక్కరికీ అదే జరిగింది.

గంగాధర నడిచి వచ్చాడు. తలవంచుకుని నిలబడ్డాడు. చెప్పు కొసతో మట్టి గీరాడు.

"మేడం..."

"చెప్పు గంగాధరా."

"ఏం లేదు మేడం. ఎండ జాస్తిగా ఉండాది."

"ఉంది."

"సార్ బాగుండారా?"

"బాగున్నారు."

"అయితే సరే మేడం. ఏసేయండి," అని వెళ్లిపోయాడు.

ఇంకో ఇద్దరు నడిచారు. దాహమేసి పెదాలు తడుపుకున్నాను. గంగాధర అది దూరం నుంచి చూసినట్టున్నాడు. ఫ్లాస్కు పట్టుకుని పరుగున వచ్చాడు. "మజ్జిగ తాగండి మేడం, అల్లం ఏసినాం." మూత తీసి పోస్తుండగా తౌఫిక్ రెండు చేతులూ ఎత్తి అరిచాడు.

"ఖలాస్! పిచ్చర్ అవుట్!"

ఎవరికీ అర్థం కాలేదు. ఒకే ఇన్నింగ్స్‌లో మేనేజర్ రెండోసారి పిచ్చర్ దగ్గరికి వస్తే పిచ్చర్‌ని మార్చి తీరాలట. రూల్. గంగాధర ముఖం పాలిపోయింది.

"సార్, నేను మార్చేదానికి రాలేదు! మజ్జిగ! మజ్జిగ సార్!"

"మజ్జిగకి వేరే సెక్షన్ లేదు," అన్నాడు తౌఫిక్.

నేను బంతి కొమురక్కకిచ్చి పక్కకి వచ్చాను. మజ్జిగ తాగాను. చాలా బాగుంది. కొమురక్క జగిత్యాల మనిషి, ఆస్పత్రిలో క్లీనింగ్ పని. తను కూడా గొప్పగా ఏమీ వేయలేదు. ఒకామె భుజానికి తగిలించింది, ఇంకొకామెకి క్షమాపణ చెప్పి మరీ తగిలించింది. అయినా నేను ఇచ్చినన్ని ఇవ్వలేదు. పద్నాలుగు, ఆరు. ఓడిపోయాం.

వెళ్లేటప్పుడు గంగాధర నా కాళ్ల మీద పడబోయాడు. "నావల్ల మీకు అవమానం జరిగింది మేడం."

"జరగలేదు," అన్నాను.

బస్సులో రెడ్డెమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంక ఒక్క ఆటే ఉంది.


ఫిబ్రవరి 2

ఒక సంగతి తోచింది. ఆ గొప్పవాళ్లందరి చేతుల్లోంచీ తొలిరోజునే ఎవరో బంతి లాగేసుకున్నారు. నా చేతిలోంచి ఎవరూ లాక్కోలేరు. మజ్జిగ పోయగలరు, అంతే. స్కూల్లో కూడా నా పాఠం బాగాలేదని ఎవరైనా ఎప్పుడైనా అన్నారా? డిసెంబర్లో కూడా అనలేదు. పూలగుత్తి ఇచ్చారు.

అయితే పాఠం బాగాలేదా?

ఇది ఇక్కడితో ఆపేస్తాను.


ఫిబ్రవరి 7, శుక్రవారం

నేపాలీ జట్టు కూడా రెండూ ఓడింది. వచ్చే వారం వాళ్లకీ మాకూ ఆట. ఓడినవాళ్లు గ్రౌండ్ వదలాలి.

కొమురక్క పిచ్చర్ అని ఎవరూ చెప్పలేదు. నేను వెళ్లేసరికి దిబ్బ మీద వేస్తోంది. గంగాధర నాకు కుర్చీ వేశాడు. "గౌరవాధ్యక్షులు ఎండలో నిలబడకూడదు మేడం." కుర్చీకి వెనక ఆనుకోవడానికి దిండు కూడా పెట్టాడు.

నాకు బాధ లేదు. దిండు మెత్తగా ఉంది.


ఫిబ్రవరి 14, శుక్రవారం

గ్రౌండ్‌లో లైట్లు చెడిపోయాయి. ఆట మొదలయ్యే ముందే తౌఫిక్ రెండు జట్లనీ పిలిచి చెప్పాడు: "చీకట్లో ఆట లేదు. సూర్యుడు మునిగి మగ్రిబ్ అజాన్ వినబడగానే ఖలాస్. అప్పటికి ఎవరిది ఎక్కువుంటే వాళ్లు గెలిచినట్టు." రెండు జట్లూ తలూపాయి.

నేపాలీ వాళ్ల మామూలు పిచ్చర్ ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, అయిపోయి ఊరికెళ్లిపోయిందట. ఆమె బదులు ఒక సన్నటి అమ్మాయి దిబ్బ ఎక్కింది. ఇదే ఆమెకి మొదటి ఆట. నాలాగే వేసింది పాపం. మా వాళ్లు హాయిగా నడిచారు. తర్వాత కొమురక్క వేస్తే వాళ్లు నడిచారు. రెండు దేశాల ఆడవాళ్లు సాయంత్రం వాకింగ్‌కి వచ్చినట్టుంది.

ఐదు దాటాక తొమ్మిది, ఎనిమిది. మాదే ఒకటి ఎక్కువ. వాళ్ల బ్యాటింగు నడుస్తోంది. అప్పుడు కొమురక్క కంపెనీ బస్సు గేటు బయట హారన్ కొట్టింది.

"గిప్పుడే అచ్చింది దీని నోట్ల మన్నువడ! ఈ రాత్రి డ్యూటీ ముందుకు జరిపిండ్రట." బంతి గంగాధర చేతిలో పెట్టి పరిగెత్తింది. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "ఎవలకన్న ఇయ్యి! ఎవలకన్న!" అని అరిచింది.

అందరూ బంతి వైపు చూశారు, నా వైపు చూడలేదు. చివరికి రెడ్డెమ్మ ముఖానికున్న క్యాచర్ ముసుగు పైకెత్తి, "ఇంగెవురుండారు మేడం, మీరే రావల్ల," అంది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

దిండు మీది నుంచి లేచాను.

వేస్తే నడుస్తారని నాకు తెలుసు. రెడ్డెమ్మకి తెలుసు. నేపాలీ వాళ్లకి మొదటి బంతికే తెలిసిపోయింది. ఇద్దరు నడిచారు. ఇంకొకరు నడిస్తే బేస్‌లు నిండుతాయి, ఆ తర్వాతామె నడిస్తే సమం, ఇంకొకామె కూడా నడిస్తే వాళ్లదే ఆట, వాళ్లదే గ్రౌండ్. పడమర వైపు ఆకాశం ఎర్రబడింది. అప్పుడు నాకొక సంగతి గుర్తొచ్చింది. నాకు బంతి వేయడం రాదు గానీ, సిలబస్ అయిపోయాక గంట కొట్టేదాకా క్లాసు నడపడం వచ్చు. ఆ విద్యలో నన్ను మించినవాళ్లు ఈ దేశంలో లేరు.

షూ లేసు విప్పి కట్టుకున్నాను. రెండోది కూడా. బంతిని అటూ ఇటూ తిప్పి కుట్లు చూశాను. రెడ్డెమ్మని పిలిచాను.

"ఏం వేయమంటావు?"

"ఏదో ఒగటి ఏయండి మేడం!"

"తిన్నగా వేయనా, వంచి వేయనా?"

"మీకు రెండూ రావు గదా!"

"అది సరే. వస్తే ఏది మంచిదంటావు?"

రెడ్డెమ్మ నన్నొకసారి చూసింది, ఆకాశాన్నొకసారి చూసింది. అర్థమైపోయింది. ముఖానికున్న ముసుగు విప్పి, మళ్లీ మెల్లిగా తగిలించుకుంటూ, "వంచి ఏస్తే ఏమవుతాదో చెప్పండి మేడం, ఇనాల," అంది.

"యల్లా మేడమ్, యల్లా!" తౌఫిక్ గడియారం చూపించాడు. ఒకటి వేశాను. పక్కకి పోయింది. దాన్ని తేవడానికి నేనే వెళ్లాను, నడిచి. దిబ్బ మీద కాలితో మట్టి సర్దాను. బ్యాటు పట్టుకున్న అమ్మాయి సరిగ్గా గీతలో నిలబడిందా లేదా అని సందేహం వెలిబుచ్చాను. సందేహాలకి నాకేం తక్కువ? పుట్టినప్పటి నుంచీ కూడబెట్టుకున్నవి ఉన్నాయి, ఒక్కొక్కటే తీశాను. తౌఫిక్ కోపంగా ఏదో అరబ్బీలో అన్నాడు. నేను రూల్‌బుక్‌లో ఏముందని అడిగాను. పుస్తకం తెచ్చి చూపించాడు. అద్దాలు పెట్టుకుని చదివాను.

బేస్‌లు నిండాయి. తర్వాతామెకి మూడు బంతులు పక్కకే పోయాయి. నాలుగోది చేతిలో ఉంది.

అజాన్ వినబడింది.

తౌఫిక్ కళ్లు మూసుకుని ఒక్కక్షణం నిలబడి, "ఖలాస్," అన్నాడు. నా వైపు చూడలేదు.

మా వాళ్లు కేకలు వేశారు. గంగాధర జేబులోని నిమ్మకాయ తీసి నా తల చుట్టూ తిప్పి విసిరేశాడు. రెడ్డెమ్మ అక్కడికక్కడే ఫోన్ తీసి వాళ్ల మామాకి వచ్చే జుమా, అంటే శుక్రవారం కూడా ఆట ఉందని అరబ్బీలో చెబుతోంది. నవ్వుతూ, ఏడుస్తూ, చెప్పిందే చెబుతోంది.

నేపాలీ పిచ్చర్ కింద కూర్చుని ఉంది. తోటివాళ్లు సంచులు సర్దుతున్నారు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. నాకు వచ్చిన హిందీలో చెప్పాను: తొలి ఆట ఇలాగే ఉంటుంది, పెద్ద పెద్దవాళ్లందరికీ ఇలాగే జరిగింది, ఒకాయన ఆరు పరుగులిచ్చి వెళ్లిపోయాడు, తర్వాత మూడు వందల ఆటలు గెలిచాడు. నా క్లాసులో వెనక బెంచీ పిల్లల్లాగే మర్యాదగా విన్నది.

"అచ్ఛా దీదీ," అంది. "తో హమారా దూస్‌రా మ్యాచ్ కహాఁ హోగా?"

మా రెండో ఆట ఎక్కడ అని. ఎగతాళిగా కాదు. నాకు తెలిసి ఉంటుందనుకుని నిజంగానే అడిగింది.


ఫిబ్రవరి 15

నిద్ర పట్టలేదు. పొద్దున్నే తౌఫిక్‌కి ఫోన్ చేశాను. మా రెండు గంటల్లో ఒక గంట నేపాలీ జట్టుకి ఇచ్చేయమన్నాను. "మీ వాళ్లని అడిగారా?" అన్నాడు. నేను గౌరవాధ్యక్షురాలిని అన్నాను. సరే అన్నాడు.

మనసు తేలికైంది. ఈశ్వరయ్యకి చెప్పాను. "ఎవరి గంట ఇచ్చినావు?" అన్నాడు. అప్పుడు మళ్లీ బరువెక్కింది.


ఫిబ్రవరి 16

కొమురక్క ఫోన్. హలో అనడానికి కూడా ఆగలేదు.

"గంట ఇచ్చేసినవట! ఎవల్నడిగి ఇచ్చినవ్?"

"అది కాదు కొమురక్కా, ఆ పిల్లలు..."

"పిల్లలుంటే ఉండనీ, నాకు మాత్రం పాపమనిపియ్యదా? గంట కోసి ఇచ్చుడేంది? రెడ్డెమ్మను ఆమె మామా ఆటకే తోలుతది. అయిదింటికి ఆట అయిపాయెనంటే అయిదింటికే ఇంటికి రమ్మంటది. గింత సదువుకున్నవ్, గిది ఎర్కలేదా నీకు? ఆ పిల్లలను రమ్మను, మాతోనే ఆడమను, రెండు గంటలు. కలిపి రెండు జట్లు చేసుకుంటం. తౌఫిక్‌కు నేనే చెప్పిన, అయితదన్నడు."

"నాకు తట్టలేదు," అన్నాను.

"తట్టది. నీకు నిలవడి మాట్లాడుడే తెలుసు."

ఇన్నేళ్లలో నన్నెవరూ ఇంత మాట అనలేదు. ఫోన్ పెట్టేస్తుందేమో అనుకున్నాను. పెట్టలేదు. అటువైపు ఆస్పత్రి వరండాలో బకెట్ జరిపిన చప్పుడు, ఎవరో తనని పిలుస్తున్న కేక.

"శుక్రవారం నేను రావద్దా?" అని అడిగాను.

"ఎందుకు రావద్దు? జల్ది రా. దూరం పోయే బంతులు ఏరేటందుకు మనిషి లేదు." మళ్లీ ఎవరో పిలిచారు. "అస్తున్న! ...ఇగో, ఇను. అచ్చినంక బంతి ఏరి నాకియ్యి. నువ్వు మాత్రం ఎయ్యకు."